ఊపిరి గొట్టం

పొయ్యి బుసకొడుతున్నంతసేపూ భయం లేదు, గుడగుడమంటే పెట్రోలు పొంగుతున్నట్టు, చప్పుడు ఆగిపోతే మరీ చెడ్డది అని ఎమెట్ మామయ్య చెప్పాడు. అందుకని సెలియా పొయ్యిని చూడటం కన్నా వినడమే ఎక్కువ చేస్తోంది. గడ్డకట్టిన నది మీద నిలబెట్టిన మామయ్య చిన్న విమానం ముక్కు మీదుగా మంచుదాకా దించిన పాత బొంతల డేరాలో, ఇంజన్ కింద, గడ్డం మోకాళ్ళకి ఆనించి గొంతుక్కూర్చుంది. పొయ్యి మీద నిలబెట్టిన రేకు గొట్టం వేడినంతా ఇంజన్ కడుపులోకి ఎక్కిస్తోంది. రాత్రంతా బయట నిలబడ్డ ఇంజన్ రాయి అయిపోతుంది, రాయిని తిప్పితే విరుగుతుంది, ముందు దాన్ని మళ్ళీ ఇనుము చెయ్యాలి. ఇదీ మామయ్య మాటే. ఆయన మాటలన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. మాట్లాడనివాళ్ళ దగ్గర పక్కవాళ్ళ మాటలు నిలవుంటాయి కాబోలు, కొట్టంలో ఎండబెట్టిన చేపల్లాగా వరసగా వేలాడుతూ. ఎండుచేప వాసన నిజంగానే వస్తోంది, తన కోటు జేబులోదే, పొద్దున అమ్మమ్మ కుక్కింది, తినబుద్ధి కాలేదు, ఆ వాసనకి బొంత అవతల పడుకున్న కుక్క ముక్కు ఎగబీలుస్తోంది. కుక్క. దాని గురించి ఇప్పుడు ఆలోచించకూడదు. పొయ్యిని వినాలి.

కానీ అది అక్కడే ఉంది, ఎగబీలుస్తూనే ఉంది. నిన్న సాయంత్రం మామయ్య విమానం దిగి, ఎప్పట్లాగే ఇంజన్ వేడి తగ్గకముందే ఆయిలంతా డబ్బాలోకి దించుకుని, ఆ డబ్బాని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి ఇంట్లో పొయ్యి వెనక పెట్టాక, చీకటి బాగా పడ్డాక, తలుపు మీద ఎవరో గోకారు. తీస్తే టోబీ. తాత మంచుబండిని లాగే కుక్కల్లో అన్నిటికన్నా ముందు నడిచేది. ఒక్కటే వచ్చింది. మెడపట్టీకి వేలాడుతున్న తోలుతాడు కొస కొరికి తెంపినట్టు పీచులు పీచులుగా ఉంది, మూతి నిండా మంచు, పాదాల్లో నెత్తురు. వెనక తాత లేడు, బండి లేదు, మిగిలిన కుక్కలు లేవు. కుక్కని ఏనాడూ గడప దాటనివ్వని అమ్మమ్మ దాన్ని లోపలికి రానిచ్చింది, పాదాలు తుడిచింది, దుప్పిమాంసం పులుసు తన గిన్నెలోది దాని ముందు పెట్టింది. మామయ్య ఆ తాడు కొసని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి గోడకి తగిలించాడు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. రాత్రిపూట ఈ విమానం ఎగరదు, కింద కొండేదో నదేదో కనపడదు, తెల్లారేదాకా ఆగాలి. పొయ్యి వెనక ఆయిల్ డబ్బా వేడికి టిక్కు టిక్కుమంటుంటే ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు, ఏదో చెప్పబోతున్న మనిషిని చూసినట్టు.

అనకూడదు. దారిలో ఉన్నవాళ్ళ గురించి ఎప్పుడొస్తారని అనకూడదు, ఆలస్యమైందని అసలే అనకూడదు, చలిని పేరు పెట్టి పిలవకూడదు, పిలిస్తే వింటుంది, వచ్చి కూర్చుంటుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అంతే. తలుపు పక్కనున్న థర్మామీటర్లో ఎర్రగీత దిగి దిగి గుండులోకి ముడుచుకుపోయినా ఎవరూ అంకె చదవరు. ఇవాళ కట్టెలు కాస్త ఎక్కువ పట్టేట్టున్నాయి అంటుంది అమ్మమ్మ, అంతవరకే. ఫాక్స్ వాగు దగ్గర వేటకి పెట్టిన ఉచ్చులన్నీ చూసుకుని తాత ఈపాటికి ఇంటికి రావలసింది. రాలేదని సెలియాకి తెలుసు. అమ్మమ్మ ఆయన కప్పుని వాడకుండానే రోజూ కడిగి బోర్లిస్తోంది కాబట్టి అమ్మమ్మకీ తెలుసని తెలుసు. మొన్న మామయ్య ఎగువ ఊరికి సరుకులు తీసుకెళ్తూ ఫాక్స్ వాగు పక్క లోయ మీదుగానే పోయాడు. ఒక్కసారి రెక్క వంచితే తాత వేటప్పుడు ఉండే గుడిసె కనిపించేది, పొగ వస్తోందో లేదో తెలిసిపోయేది. వంచలేదు. వంచితే చూడటానికి వెళ్ళినట్టు, చూడటానికి వెళ్తే ఏదో అయిందని అనుకున్నట్టు. ఎవరైనా ఒక్క మాట అనుంటే వంచేవాడు. వాళ్ళమ్మ అంటుందేమోనని ఆయన చూశాడు, కొడుకు అంటాడేమోనని అమ్మమ్మ చూసింది, పెద్దవాళ్ళున్నారు కదా అని సెలియా చేపకి ఉప్పు రాస్తూ కూర్చుంది. తను అనుంటే. అనుంటే ఏమయ్యేదో, అమ్మమ్మ కళ్ళెర్రజేసేది, మామయ్య నవ్వేసేవాడు, నవ్వుతూనే రెక్క వంచేవాడు. ఉప్పు రాస్తున్న చేతులు ఇప్పుడు కూడా మండుతున్నట్టున్నాయి. కాదు, అది చలి. ఆ మాట మనసులో అనుకున్నా వింటుందా? పొయ్యి బుసకొడుతోంది. మంచిది.

బొంత అవతల బూట్ల కింద మంచు కిర్రుమంటోంది. పక్కింటి డెల్బర్ట్ తాతయ్య పెట్రోలు డబ్బాలు మోసుకొచ్చినట్టున్నాడు.

"ఏంట్రా ఎమెట్, నీ బాలింతకి కాపడం ఇంకా అవ్వలేదా?"

"నీ స్నోమొబైల్ స్టార్టయిన రోజున అడుగు బాబాయ్, చెప్తా."

"దానికేంరా, మంచు కరగ్గానే స్టార్టవుద్ది."

ఎవరూ నవ్వలేదు. తోలుగుడ్డలోంచి పెట్రోలు వడకట్టి విమానం రెక్కలోని ట్యాంకులోకి పోస్తున్న చప్పుడు. కాసేపటికి మళ్ళీ డెల్బర్ట్ గొంతు, ఈసారి తగ్గించి:

"పడమటేపు చూశావా?"

"చూశా."

"నేనేం అనట్లేదు. చూశావా అంటున్నానంతే."

పడమటేపు ఏముందో చూడకుండానే సెలియాకి తెలుసు. పొద్దున నీళ్ళకోసం నది మీదకి వచ్చినప్పుడే చూసింది, కొండల వెనక బూడిదరంగు గోడ. అది ఇక్కడికి వచ్చేసరికి మంచు కురుస్తుంది, మంచు కురిస్తే విమానం కదలదు, అసలే ఈ నెలల్లో పొద్దు కొండ మీద గడ్డం ఆనించి చూసి వెళ్ళిపోయే రకం. ఇవాళ వెళ్ళలేకపోతే తాత ఇంకో రాత్రి అక్కడే ఉండాలి. గుడిసెలో ఉంటే సరే. గుడిసెలోనే ఉంటే టోబీ తాడు కొరుక్కుని ఎందుకొస్తుంది?

బొంత అంచు లేచింది. మామయ్య మొహం సగం, కనురెప్పల మీద మంచు.

"ఏమే, నోట్లో మంచుగడ్డా, బతికే ఉన్నావా? తలనొప్పిగా ఉంటే ముక్కు బయట పెట్టు. ఈ పొగ మంచిది కాదు."

ఆమె తల ఊపింది.

"తల ఊపితే ఈ చీకట్లో నాకేం కనపడుద్ది? ఉన్నావా?"

"ఉన్నా."

"నిప్పు మీంచి కన్ను తియ్యకు." బొంత పడిపోయింది.

నోట్లో మంచుగడ్డ. ఆ పేరు బళ్ళో కూడా వాడేశారు. టీచరమ్మ ప్రశ్న అడిగినప్పుడు జవాబు నాలుక మీదికి వచ్చి అక్కడే కూర్చునేది, కరిగేలోపు ఇంకెవరో చెప్పేసేవాళ్ళు, తప్పు చెప్పినా సరే చెప్పేసేవాళ్ళు. రాత్రి పరుపు కింద నోట్సులో మాత్రం అన్ని జవాబులూ రాసుకునేది. తాత ఒక్కడే ఆమెని మాట్లాడమని ఎప్పుడూ అడగలేదు. వేసవిలో చేపల వలల దగ్గర ఇద్దరూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట లేకుండా పనిచేసి ఇంటికొస్తే, ఈ పిల్లతో మాట్లాడి మాట్లాడి గొంతు పోయిందే అని అమ్మమ్మతో అనేవాడు. మామయ్యని మాత్రం వదిలేవాడు కాదు. నా కుక్కలకి పొద్దున్నే నూనె కాచి పొయ్యక్కర్లేదురా, చేప ముక్క పడేస్తే స్టార్టవుతాయి అనేవాడు. కుక్కలకి రెక్కల్లేవుగా నాన్నా అనేవాడు మామయ్య. ఉంటే నీకు పనుండదు అనేవాడు తాత. ఆయన నవ్వితే ముందు భుజాలు నవ్వుతాయి. వెనక్కి తిరిగి పొయ్యి ఎగదోస్తున్నా భుజాలు చూసి చెప్పొచ్చు. ఆ భుజాలు ఇప్పుడు ఎక్కడున్నాయి, చెట్టుకి ఆనుకుని ఉన్నాయా, బండి బోల్తాపడి దాని కింద ఉన్నాయా, లేక పైకి గట్టిగా కనిపించే మంచు కింద వాగు నీళ్ళు పొంగి పారే చోట అడుగేశాడా. పాదం తడిస్తే మంట వేసుకోవాలి, వెంటనే వేసుకోవాలి, వేళ్ళు పనిచేస్తున్నప్పుడే. అగ్గిపుల్ల గీయడానికి వేళ్ళు కావాలి. తాత పాదాలు వెడల్పు, మడమలు చెట్టు బెరడులా ఉంటాయి, చిన్నప్పుడు ఆ పాదాల మీద నిలబడి ఆయనతోపాటు ఇల్లంతా నడిచేది, ఆయన అడుగేస్తే తనూ అడుగేసినట్టు. ఆ పాదాలు. చాలు. పొయ్యి.

పొయ్యి బాగానే ఉంది. ఇంజన్ మీద రాత్రి పేరుకున్న మంచు కరిగి అన్నివైపులా కారుతోంది. మెడలోకి ఒక చుక్క, మణికట్టు మీద ఒక చుక్క. సిలిండర్ల రెక్కల మధ్యనుంచి, తీగల మీదుగా, రేకు కప్పు అంచులనుంచి చుక్కలు పడి కింద మంచులో చిన్న చిన్న గుంటలు తొలుస్తున్నాయి. కిందటి చలికాలం దిగువ ఊళ్ళో ఇలాగే కాపలా కూర్చున్న ఒకతను టీ తాగొస్తానని లేచి వెళ్ళాడట, తిరిగొచ్చేసరికి విమానం ఎముకలు మిగిలాయట. తను లేవదు. లోచేతి తొడుగు మాత్రం ఉంచుకుని, పెద్ద తోలు తొడుగు వదిలేసి, సిలిండర్ మీద వేలు పెట్టింది. వెచ్చగా ఉంది. కింది తొట్టి, ఆయిల్ పోసే చోటు, అదీ మంచులా చురుక్కుమనడం లేదు. అయిపోవచ్చింది. ఇంక అమ్మమ్మ ఇంట్లో కాచిన ఆయిల్ తేవాలి, వేడివేడిగా పొయ్యాలి, పోసిన వెంటనే విమానం ముక్కుకున్న పంకా తిప్పాలి. అన్నీ కారుతున్నాయి, టప్ టప్ టప్, అన్నీ మాట్లాడుతున్నాయి. ఒక్కటి తప్ప.

ఇంజన్ వెనకనుంచి వేలంత లావు గొట్టం ఒకటి కిందికి దిగి, రేకు కప్పు అంచు దాటి, బొంత చేరని చోట బయటికి మూతి పెట్టింది. పైనుంచి దాని ఒంటి మీదుగా నీళ్ళు జారుతున్నాయి, కానీ దాని నోట్లోంచి ఒక్క చుక్క రావడం లేదు. సెలియా దాన్నే చూస్తూ ఉండిపోయింది. అది ఇంజన్ ఊపిరి గొట్టం. రెండేళ్ళ కిందట మామయ్య పంకాకి నూనె రాస్తూ, ఆమెతో కాకుండా పంకాతో మాట్లాడుతున్నట్టు చెప్పిన కథ, కొట్టంలో చేపలా వేలాడుతున్న కథ, ఇప్పుడు కదిలింది. మనిషిలాగే ఇంజనూ ఊపిరి వదుల్తుంది, ఆ ఊపిరిలో తడి ఉంటుంది, దిగిన తర్వాత ఆ తడి గొట్టం మూతి దగ్గర గడ్డకడుతుంది. ఎవరో తెలిసినతను చూసుకోకుండా ఎగిరాడు, ఊపిరి వదలడానికి దారి లేక ఇంజన్ ముక్కు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే బిళ్ళని ఊడగొట్టుకుంది, ఆయిలంతా అద్దం మీదికి చిమ్మింది, నల్లగా, ఏమీ కనపడకుండా, అడవి మీద. ఎక్కడో చెరువు దొరికి దిగాడు కాబట్టి కథ చెప్పడానికి మిగిలాడు. అందుకే పొద్దున్నే అన్నిటికన్నా ముందు ఆ గొట్టంలో వేలు పెట్టి చూడాలి. మామయ్య రోజూ చూస్తాడు. ఇవాళ చూశాడా? ఇవాళ పొద్దున అన్నిటికన్నా ముందు ఆయన ఒడ్డుకి వెళ్ళి టోబీ అడుగుల జాడ ఎటునుంచి వచ్చిందో చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు, తర్వాత సరాసరి వచ్చి పొయ్యి అంటించాడు. చూసే ఉంటాడు. తను చూడనప్పుడు చూసుంటాడు. ఆయనకి తెలియదా, తను చెప్పాలా. బోర్లా పడుకుని, చెయ్యి చాపి, చిటికెన వేలు ఆ నోట్లో పెట్టింది. వేలు గోరుదాకా కూడా వెళ్ళలేదు. రాయి.

"చాలు, అయిపోయింది," అంటోంది మామయ్య గొంతు బయట. "బాబాయ్, అమ్మని కేకెయ్. ఆయిల్ తెమ్మను."

ఆయిల్ వస్తే పోసేస్తారు. పోస్తే తిప్పేస్తారు. ఊపిరి గొట్టం అని అరవాలి, నోరు తెరిచింది, పొయ్యి బుసలో ఆ మాట ఎటు పోయిందో తనకే వినపడలేదు. అసలు అన్నదా? ఆపితే వెలుతురు పోతుంది. పడమటేపు ఆ బూడిదరంగు గోడ దగ్గరికొస్తుంది. అక్కడ తాత వేళ్ళు. ఇంకాసేపు ఆగండి అని తను అంటే, ఆ కాసేపట్లోనే అక్కడ ఏదైనా అయిపోతే, ఆ కాసేపు జీవితాంతం తనదే. అనకపోతే మామయ్య. అద్దం మీద నల్లటి ఆయిల్. అడవి. అనకపోవడం కూడా అనడమేనా, మొన్న ఉప్పు రాస్తూ తను అన్నది అదేనా. తలమీద బొంత తాళ్ళు వదులవుతున్నాయి, పైనుంచి వెలుతురు చీలిక పడింది. సెలియా పొయ్యి తగ్గించి, బొంత అంచు ఎత్తుకుని, మోకాళ్ళ మీద బయటికి పాకింది.

ఒడ్డు మీది బాటలో అమ్మమ్మ ఆయిల్ డబ్బా పట్టుకుని అప్పుడే వచ్చేస్తోంది, డబ్బా మూతినుంచి ఆవిరి. డెల్బర్ట్ విమానం తోకని కట్టేసిన తాడు దగ్గర వంగున్నాడు. మామయ్య బొంత లాగుతున్నాడు. సెలియా వెళ్ళి ఇంజన్‌కీ అమ్మమ్మకీ మధ్య నిలబడింది.

"పొయ్యొద్దు."

"ఏంటే?"

"పొయ్యొద్దు మామయ్యా. ఊపిరి గొట్టం కారట్లేదు."

"వెలుతురు పోతోంది సెలియా. పక్కకి జరుగు."

"మూసుకుపోయింది. వేలు పెట్టి చూశా."

"పొద్దున చూశాన్నేను."

"చూశావా?"

మామయ్య కళ్ళు ఆమె మీంచి కుక్క మీదికి వెళ్ళాయి, కుక్క మీంచి ఒడ్డు మీది జాడ దాకా వెళ్ళి తిరిగొచ్చాయి. తర్వాత మంచు మీద వెల్లకిలా పడి ఇంజన్ కిందికి జరిగాడు. లోపల్నుంచి ఒక తిట్టు వినిపించింది, అమ్మమ్మ విననట్టు మొహం తిప్పుకుంది.

"బొంత మళ్ళీ దించండి," అన్నాడు. "పొయ్యి ఇటు తేవే. రేకు గొట్టం వంచి పట్టుకో, వేడి దీని మూతికే తగలాలి. కాలిందంటే చెప్పు."

"ఎమెట్, పడమటేపు..." డెల్బర్ట్ మొదలెట్టాడు.

"తెలుసు బాబాయ్."

అదే అసలు పొడుగైన సమయం. మామయ్య, సెలియా పక్కపక్కన పడుకుని, రేకు గొట్టాన్ని ఇద్దరూ పట్టుకుని, ఆ చిన్న మూతినే చూస్తూ. బయట ఆయిల్ చల్లారిపోతుందేమోనని తొంగి చూస్తే, అమ్మమ్మ కోటు విప్పి ఆ కాలుతున్న డబ్బాని పొట్టకి హత్తుకుని మళ్ళీ కోటు మూసేసింది, నెలలు నిండినదానిలా నదిమీద నిలబడింది. ఇంటికెళ్ళి పొయ్యి మీద పెట్టొచ్చు కదా వదినా అంటున్నాడు డెల్బర్ట్. వెళ్ళొచ్చేలోపు అవసరమైతేనో అంటోంది అమ్మమ్మ. కాలట్లేదా అంటే, నీకు కాలుతోందా అంటోంది. రేకు ఎర్రబడుతోంది, బొంత అంచు మాడు వాసన, తాత నవ్వితే ముందు భుజాలు, తప్పు చేశానా, ఆగమన్నది నేనే, కారు, కారు, కారవే. మూతి దగ్గర ఒక చుక్క ఊరింది. వేలాడింది. పడింది. వెనకే ఇంకొకటి, తర్వాత గబగబా, ఆపైన వేలంత మంచుకడ్డీ ఒకటి జారి పుటుక్కున మంచులో పడింది. టోబీ కుంటుకుంటూ వచ్చి దాన్ని వాసన చూసి వదిలేసింది. మామయ్య గొట్టంలోకి నోటితో గట్టిగా ఊదాడు, పైన ఎక్కడో గాలి బయటికి వచ్చిన చప్పుడైంది.

"ఆయిల్," అన్నాడు.

తర్వాతంతా చేతులే. బొంతలు లాగేశారు, ఆయిల్ పోశారు, అది నల్లగా, వేడిగా, తేలిగ్గా జారింది. డెల్బర్ట్ లోపల కూర్చున్నాడు, మామయ్య పంకా రెక్క పట్టుకుని లాగితే అది బిగుసుకోకుండా మెత్తగా తిరిగింది. రెండోసారి లాగినప్పుడు దగ్గింది. మూడోసారి అందుకుంది, ఆగీ ఆగీ, తర్వాత ఆగకుండా, నది అంతా నిండిపోయేలాగా. ఊపిరి గొట్టం మూతినుంచి సన్నగా తెల్లటి పొగ. సెలియా దాన్నే చూస్తూ నిలబడింది, అది వస్తూనే ఉంది.

డెల్బర్ట్ దిగాడు, మామయ్య ఎక్కాడు. పంకా గాలికి మంచుపొడి లేచి మొహానికి సూదుల్లా గుచ్చుకుంటోంది. ఆమె రెక్క కిందుగా వంగి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యా."

"ఇంకేం మర్చిపోయాను?"

"తాతకి ఆలస్యమైంది." ఇంజన్ మోతలో వినపడదేమోనని ఇంకా గట్టిగా అంది, అమ్మమ్మ పక్కనే ఉందని తెలిసే అంది. "చాలా ఆలస్యమైంది. తీసుకురా."

మామయ్య ఆమె తల మీదుగా అమ్మమ్మని చూశాడు. అమ్మమ్మ ఆయిల్ మరకైన కోటు మీద చేతులు కట్టుకుని ఉంది. కళ్ళెర్రజెయ్యలేదు.

"తీసుకొస్తా," అన్నాడు మామయ్య, పైకి, అందరికీ వినపడేలా. తలుపు వేసుకున్నాడు.

డెల్బర్ట్ తోకతాడు విప్పాడు. విమానం నది మీద జారి, లేచి, చెట్ల కొసల పక్కనుంచి ఫాక్స్ వాగు వైపు తిరిగింది. చప్పుడు చాలాసేపు ఒకే తీరుగా వినిపించింది. తర్వాత విన్నట్టు అనిపించింది. తర్వాత అదీ లేదు. సెలియా పొయ్యి ఆర్పి, బొంతలు మడతపెట్టింది. టోబీ ముందు కుంటుతుంటే ముగ్గురూ ఒడ్డెక్కారు. డెల్బర్ట్ తన గుమ్మం వైపు తిరిగిపోయాడు, ఇవాళ వేళాకోళమేమీ దొరకనట్టు.

ఇంట్లో పొయ్యి వెనక, ఆయిల్ డబ్బా ఉండే చోట, గుండ్రంగా నల్లటి మచ్చ మిగిలింది. ఇంట్లోకెల్లా వెచ్చనైన చోటు అదే. అమ్మమ్మ కోటు విప్పకుండానే కాసేపు ఆ ఖాళీని చూసి, గోడకున్న తాత రెండో జత బొచ్చు బూట్లు తీసి, లోపలి పక్క పొయ్యి వైపు ఉండేలా ఆ మచ్చ మీద పెట్టింది. దగ్గర దగ్గరగా జరిపింది, ఆయన నిలబడినట్టు.

"సాయంత్రానికి వస్తాడు అమ్మమ్మా," అంది సెలియా.

అమ్మమ్మ పొట్ట దగ్గర చేత్తో అదుముకుంది, కాలినట్టుంది. కిటికీ అద్దం మీది మంచుని గోటితో కొంచెం గీకి, అటు చూస్తూ అంది:

"వచ్చేసరికి ఇల్లు వేడిగా ఉండాలి. ఇంకాసిని కట్టెలు తేవే. బయట చలిగా ఉంది, చాలా చలిగా ఉంది."